బావి కాదు, బిందె

సెలవులకి ఎక్కడికి వెళ్దామన్నా మా పిల్లలు ముందు అడిగేది “అక్కడ వై-ఫై ఉంటుందా?” అని. మా ఆవిడ అడిగేది “మీరు లాప్‌టాప్ తెస్తారా?” అని. 2023 ఆగస్టులో ఈ రెండు ప్రశ్నలకీ ఒకేసారి జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

ఆ ఏడు వేసవికి మా అమ్మ కోనసీమ నుంచి ఆరు నెలలు ఉండడానికి వచ్చింది. మోకాళ్ళ నొప్పులు. కోటలు చూపిద్దామంటే మెట్లు, కొండలు చూపిద్దామంటే నడక. “ఎక్కడికీ వద్దురా, మీ మొహాలు చూస్తూ కూర్చుంటే చాలు” అంటుంది అమ్మ. కూర్చునే ఊళ్ళు చూడడం ఎలాగా అని ఆలోచిస్తే మా ఆవిడకి నేరోబోట్ గుర్తొచ్చింది. ఇంగ్లండులో పాత కాలవల మీద తిరిగే పడవలు మీరూ చూసే ఉంటారు. వెడల్పు ఏడడుగులకి కాస్త తక్కువ, పొడుగు అరవై డెబ్బై అడుగుల దాకా. ఒకప్పుడు బొగ్గూ, కుండలూ మోసినవి, ఇప్పుడు సెలవులకొచ్చిన వాళ్ళని మోస్తున్నాయి. లోపల పడకలు, వంటగది, స్నానాల గది, ఫ్రిజ్, అన్నీ ఉంటాయి. అద్దెకి తీసుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. వేగం గంటకి నాలుగు మైళ్ళు మించకూడదు. అంటే గట్టు మీద కుక్కని తిప్పుకునేవాడు మనల్ని దాటి వెళ్ళి, వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతాడన్నమాట.

విట్‌చర్చ్ దగ్గర పడవని చూడగానే అమ్మ, “ఓసి, ఇది గూటి పడవ! మా చిన్నప్పుడు ఇలాంటి వాటిలోనేగా కాలవ మీద పెళ్ళిళ్ళకి వెళ్ళేవాళ్ళం” అంది. ఆ మాటతో సగం డబ్బులు గిట్టుబాటయ్యాయి అనుకున్నాను.

పడవ అప్పగించే ఆయన అరగంట సేపు అన్నీ చూపించాడు. ఇంజను ఎలా తిప్పాలి, నీళ్ళు ఎలా పట్టాలి, లంగరు ఎక్కడుంది, ఇలా. గోడకి ఒక చిన్న పలక ఉంది. దాని మీద వోల్టులు, ఆంపియర్లు అంకెల్లో కనిపిస్తాయి. “మీరు కాపరం చెయ్యడానికి మూడు బ్యాటరీలు, ఇంజను తిప్పడానికి విడిగా ఒకటి. ఇది ఇన్వర్టర్ స్విచ్. అవసరమైనప్పుడే వేసుకోండి” అన్నాడు. విమానంలో ఎయిర్ హోస్టెస్ లైఫ్ జాకెట్ చూపిస్తున్నప్పుడు ఎలా తలాడిస్తామో అలాగే తలాడించాను. ఇరవై ఏళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాణ్ణి, నాకు స్విచ్ వెయ్యడం రాదా!

స్విచ్ వెయ్యడం వచ్చింది. తియ్యడమే రాలేదు.

లాప్‌టాప్ సంగతి కూడా చెప్పాలి. తేనని మాటిచ్చి తెచ్చాను. ఆ వారంలో మా ప్రాజెక్టులో రెండు విడతల్లో కొత్త వ్యవస్థ మొదలవుతోంది, ఆదివారం రాత్రి ఒకటి, బుధవారం రాత్రి ఒకటి. అవతలి వాళ్ళు అమెరికాలో. మా ఆవిడ ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం ఎంత పెద్ద మాటో పెళ్ళయిన వాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఆదివారం పొద్దున ఎల్స్‌మియర్ చేరాం. ఊరి పక్కనే పెద్ద చెరువు, బాతులు, పిల్లలు కదలనన్నారు. పదకొండింటికే పడవ కట్టేశాం. సాయంత్రం నుంచి నేను బల్ల దగ్గర లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. రాత్రి రెండింటికి గోడలోంచి ‘కీ కీ’ మని చప్పుడు మొదలైంది. ఇన్వర్టర్ ఏడుస్తోంది. ఎవరైనా లేస్తారని గబుక్కున స్విచ్ తీసేశాను. లాప్‌టాప్‌లో దాని సొంత బ్యాటరీ ఉందిగా! పని పూర్తి చేసుకుని, ఏదో ఘనకార్యం చేసినట్టు పడుకున్నాను.

పొద్దున్న ఆరింటికి అమ్మ కాఫీకి పాలు తీద్దామని ఫ్రిజ్ తలుపు తీసింది. లోపల దీపం వెలగలేదు. “ఒరేయ్ అబ్బాయ్, ఇది పోయినట్టుందిరా” అంది నెమ్మదిగా.

పాల కోసం నేను లేచేవాణ్ణి కాదు. కానీ ఆ ఫ్రిజ్ పై అరలో అమ్మ ఇన్సులిన్ పెన్నులున్నాయి. మూడు నెలలకి సరిపడా ఇండియా నుంచి ఐసు సంచీలో పెట్టుకుని, విమానంలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్న పెన్నులు. పలక చూస్తే 11.3 వోల్టులు. ఫ్రిజ్ తనంతట తానే ఆగిపోయింది. వోల్టులు బాగా పడిపోతే బ్యాటరీ చచ్చిపోకుండా ఆ ఫ్రిజ్ ఆగిపోతుందట. ఇంజను తిప్పితే చార్జవుతుంది. దాని బ్యాటరీ వేరే గనక ఇంజనుకి ఢోకా లేదు. కానీ మా ముందూ వెనకా పడవలు కట్టి ఉన్నాయి, అందరూ నిద్రలో ఉన్నారు. ఇతరులకి వినబడేచోట కట్టేసిన పడవలో రాత్రి ఎనిమిది నుంచి పొద్దున్న ఎనిమిది దాకా ఇంజను నడపకూడదని ఇక్కడి కాలవల మీద నియమం. రెండు గంటలు చేతులు కట్టుకుని కూర్చోవాలి.

అప్పుడు మనుషులు చేసే పనే నేనూ చేశాను. ఎవరి మీద అరవాలా అని చూశాను. మా ఆవిడ ‘చట్నీ లేకుండా దోశలేంటి’ అని ఇంటి నుంచి మిక్సీ మోసుకొచ్చింది. కానీ ఆవిడ మీద అరిచే ధైర్యం లేదు. మా చిన్నవాడు పదేళ్ళవాడు, రాత్రి దుప్పట్లో దూరి టాబ్లెట్‌లో ఆటలాడుతూ దొరికాడు. “నీ ఆటల వల్ల నానమ్మ మందు పాడైపోయింది, తెలుసా?” అని కసిరాను. వాడు ఏమీ మాట్లాడకుండా పడవ ముందు భాగంలోకి వెళ్ళి కూర్చున్నాడు.

అమ్మ మాత్రం కంగారు పడలేదు. “ఎందుకురా పిల్లాణ్ణి? నేను వాడుతున్న పెన్ను ఎలాగూ బయటే ఉంటుంది. నాలుగు వారాలు ఉండొచ్చని దాని కాగితంలోనే రాసుంది. మిగతావి కూడా చల్లగానే ఉన్నాయి, తలుపు తియ్యకండి చాలు” అంది. నిజమే, బయట చలిగానే ఉంది, ఫ్రిజ్ లోపల ఇంకా చల్లదనం ఉంది. పెన్నులకి ఏమీ కాలేదు. కానీ నా అరుపు అరుపే కదా, దాన్ని ఏ ఫ్రిజ్‌లో పెట్టినా వెనక్కి రాదు.

మా పెద్దమ్మాయికి పదిహేనేళ్ళు. జీసీఎస్ఈకి ఫిజిక్స్ చదువుతోంది. ఎనిమిది కొట్టగానే నేను ఇంజను తిప్పుతుంటే నోట్‌బుక్, పెన్సిలు తీసుకుని పలక ముందు నిలబడింది. “నాన్నా, తమ్ముణ్ణి తిట్టావు కదా, లెక్క చూద్దామా?” అంది. దాని దగ్గర ఒక కేబుల్ ఉంది, చార్జింగ్‌లో ఎన్ని వాట్లు వెళ్తున్నాయో దాని చివర అంకెల్లో కనిపిస్తుంది. కాస్త ఆగి ఇంజను ఆపించి, ఒక్కొక్కటీ వేసి తీసి, పలక మీద ఎన్ని ఆంపియర్లు మారుతున్నాయో రాసుకుంది.

ముందు ఇన్వర్టర్ ఒక్కటే వేసింది. దానికి ఏమీ తగిలించలేదు. ఒకటిన్నర ఆంపియర్లు! అంటే పనేమీ చెయ్యకుండా, ఊరికే మేలుకుని ఉన్నందుకు దాని భత్యం అది. తర్వాత నా లాప్‌టాప్ తగిలించింది. కేబుల్ మీద 60 వాట్లు, పలక మీద 7 ఆంపియర్లు. వోల్టులు, ఆంపియర్లు గుణిస్తే వాట్లు. 12.3ని 7తో గుణిస్తే 86. బ్యాటరీ 86 ఇస్తే లాప్‌టాప్‌కి చేరింది 60, నూటికి డెబ్బై. లాప్‌టాప్ నిండిపోయాక, మామూలు పనికి అది తీసుకునేది 25 వాట్లే. కానీ పలక 4 ఆంపియర్లు చూపిస్తోంది, అంటే 49 వాట్లు. అప్పుడు సగానికి సగం గాలికే. పని తక్కువైన కొద్దీ ఇన్వర్టర్ సొంత భత్యమే ఎక్కువై కూర్చుంటుందన్న మాట.

“మిగిలింది ఎక్కడికి పోయింది?” అన్నాడు చిన్నవాడు, అప్పటికి కోపం మరిచిపోయి లోపలికొచ్చి. వాళ్ళక్క వాడి చెయ్యి తీసుకెళ్ళి ఇన్వర్టర్ మీద పెట్టింది, తర్వాత నా అడాప్టర్ మీద పెట్టింది. రెండూ వెచ్చగా ఉన్నాయి. “ఇదిగో, ఇక్కడికి” అంది.

సంగతి ఇదీ. బ్యాటరీలో ఉన్నది 12 వోల్టుల డీసీ కరెంటు. ఇన్వర్టర్ దాన్ని 230 వోల్టుల ఏసీ చేస్తుంది. లాప్‌టాప్‌కి కావలసింది మళ్ళీ 20 వోల్టుల డీసీయే, కాబట్టి అడాప్టర్ ఆ 230ని దించి 20 చేస్తుంది. పన్నెండు నుంచి ఇరవైకి వెళ్ళడానికి రెండు వందల ముప్ఫై దాకా ఎక్కి దిగాలా? ముక్కెక్కడంటే తల చుట్టూ తిప్పి చూపించినట్టు! ఇక్కడి నుంచి ఇంటికి డబ్బు పంపేవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పౌన్లని రూపాయలు చెయ్యాలంటే నేరుగా చేస్తాం గానీ, ముందు డాలర్లు చేసి, ఆ డాలర్లని రూపాయలు చేస్తామా? రెండు చోట్లా కమీషన్ పోతుంది. మా ఆవిడ ఇంకా సులువుగా చెప్పింది: “గొలుసు చెరిపి గాజులు, గాజులు చెరిపి మళ్ళీ గొలుసు చేయిస్తే తరుగు రెండుసార్లు తియ్యడూ?”

ఆ తర్వాత అమ్మాయి అంతకు ముందు రోజు పదకొండు నుంచి ఖర్చంతా వరసగా వేసింది. ఎన్ని ఆంపియర్లు, ఎన్ని గంటలు, గుణిస్తే ఆంపియర్-గంటలు. ఫ్రిజ్ 38. దీపాలు, నీళ్ళ మోటారు కలిపి 12. టీవీ 9. ఎవరూ వాడకుండా పగలంతా వెలిగించి ఉంచిన ఇన్వర్టర్ 9. ఐదు వందల వాట్ల మిక్సీ మూడు నిమిషాలు తిరిగితే రెండున్నర. తమ్ముడి టాబ్లెట్ 2. నాన్న లాప్‌టాప్, ఇన్వర్టర్ ద్వారా, తొమ్మిది గంటలకి 45. మొత్తం దగ్గర దగ్గర 120.

చప్పుడు చేసే మిక్సీని అందరం అనుమానించాం, అది తిన్నది రెండున్నర. చప్పుడు చెయ్యకుండా కూర్చున్న ఇన్వర్టర్ ఊరికే తిన్నది తొమ్మిది. ఇళ్ళల్లో కూడా ఖర్చులు ఇలాగే ఉంటాయి లెండి.

మరి మూడు బ్యాటరీలూ కలిపి 330 ఆంపియర్-గంటలు కదా, 120కే ఎందుకు చతికిలపడ్డాయి? లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగం కంటే ఎక్కువ వాడకూడదు. పదే పదే అంతకంటే కిందికి దించితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. అంటే మనది 165. పైగా అవి కాస్త వయసు మళ్ళినవి. శనివారం రాత్రి కూడా నేను ఇన్వర్టర్ ఆపలేదు. ఆదివారం పడవ కదిలింది కాసేపే గనక అవి నిండనూ లేదు. ఇంజను తిరిగితే మొదట బాగానే ఎక్కుతుంది గానీ, చివరి పాతిక వంతు ఎక్కడానికి గంటల కొద్దీ పడుతుంది, అన్నం చివర ఉమ్మగిల్లినట్టు. సగానికి వచ్చిందో లేదో పలక చూస్తే తెలుస్తుంది. ఏదీ వాడకుండా కాసేపు ఉంచాక 12.7 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 ఉంటే సుమారు సగం ఉన్నట్టు.

“ఇంత లెక్క ఎందుకే? మీ తాతయ్య ఒక్క ముక్కలో చెప్పేవారు” అంది అమ్మ, దోశ తిప్పుతూ.

“ఏమని?”

“బ్యాటరీ బావి కాదే, బిందె అని.”

నాన్న పోయి అప్పటికి ఆరేళ్ళు. ఆ మాట నేనూ విన్నదే, మరిచిపోయాను. 1987లో ఆదివారం పొద్దున్న దూరదర్శన్‌లో రామాయణం వచ్చేటప్పుడు మా ఊళ్ళో సరిగ్గా అప్పుడే కరెంటు పోయేది. మాకో చిన్న బ్లాక్ అండ్ వైట్ టీవీ ఉండేది. దాని వెనకాల 12 వోల్టుల తీగ పెట్టుకునే చోటు ఉండేది. నాన్న ట్రాక్టరు బ్యాటరీ విప్పించి, ఇద్దరు మనుషుల చేత మోయించి, అరుగు మీద పెట్టించి, ఎర్ర తీగ, నల్ల తీగ నేరుగా టీవీకి తగిలించేవాడు. వీధి వీధంతా మా అరుగు మీదే. ఒక ఆదివారం రామాయణం అయ్యాక జనం అడిగారని సినిమా కూడా పెట్టాడు. సోమవారం పొద్దున్న ట్రాక్టరు కదల్లేదు. పదిమంది తోస్తే గానీ చేలోకి వెళ్ళలేదు. అప్పుడన్నాడు ఆ మాట. బావిలో ఎంత తోడినా ఊరుతుంది, బిందెలో పోసినంతే ఉంటుంది. ఆ తర్వాత ఒక పాత లారీ బ్యాటరీ కొని టీవీకి విడిగా పెట్టాడు. ‘ట్రాక్టరుది ట్రాక్టరుకే.’ అచ్చం ఈ పడవలో ఇంజనుకి విడిగా పెట్టినట్టు.

“అంటే తాతయ్య ఇన్వర్టర్ లేకుండా టీవీ నడిపారా?” అంది అమ్మాయి కళ్ళు పెద్దవి చేసుకుని.

“అప్పుడు మా ఊళ్ళో ఇన్వర్టర్ ఎవరు చూశారే? పన్నెండు అడిగే వస్తువుకి పన్నెండు ఇచ్చారు, అంతే” అంది అమ్మ.

మా అమ్మాయికి అక్కడ దారి దొరికింది. ఈ మధ్య వచ్చిన లాప్‌టాప్‌లు చాలావరకూ ఫోనుకి వాడే యూఎస్‌బీ-సి తీగతోనే చార్జవుతాయి. కారులో సిగరెట్ లైటర్ రంధ్రంలో పెట్టుకునే చార్జర్లు ఆ తీగకి సరిపోయేవి దొరుకుతాయి. అది 12ని ఒక్క అంగలో 20 చేసేస్తుంది, మధ్యలో 230 ఊసే లేదు. పడవ గోడకి అలాంటి రంధ్రాలు రెండున్నాయి. ఫోనులకి అనుకుని నేను పట్టించుకోలేదు. ఎల్స్‌మియర్‌లో కాలవ పక్కనే ఉన్న సూపర్‌మార్కెట్‌కి పిల్లలిద్దరూ పరిగెత్తి వెళ్ళి ఒకటి పట్టుకొచ్చారు. అక్కడ దొరికింది 30 వాట్లదే. ‘చార్జర్ నెమ్మదిగా ఉంది’ అని లాప్‌టాప్ ఫిర్యాదు చేసింది గానీ, వద్దని అనలేదు. పలక మీద 2.7 ఆంపియర్లు. అంటే 33 వాట్లు ఇస్తే 30 చేరుతోంది. నూటికి తొంభై. ముందు రాత్రి 45 తిన్న పని ఈ దారిన ముప్ఫైతో అయిపోయేది.

ఆ సాయంత్రం ఇంకో పాఠం. నా పడక పడవ ముందు భాగంలో ఉంది. అక్కడి రంధ్రంలో చార్జర్ పెట్టుకుంటే, ఎవరైనా కుళాయి తిప్పినప్పుడల్లా చార్జింగ్ ఆగి మళ్ళీ మొదలయ్యేది. బ్యాటరీలు వెనక ఇంజను దగ్గర ఉన్నాయి. నలభై అడుగులు సన్నటి తీగలో వచ్చేసరికి దారిలోనే వోల్టులు తగ్గిపోతాయి. అదే తీగ మీద నీళ్ళ మోటారు కూడా తిరిగితే ఇంకా పడిపోతాయి. ఇంటి కరెంటుకి ఈ బాధ తెలియదు. అదే 65 వాట్లకి 230 వోల్టుల దగ్గర పావు ఆంపియరుకి కాస్త ఎక్కువ చాలు, 12 దగ్గర అయిదున్నర కావాలి. ఆంపియర్లు పెరిగిన కొద్దీ తీగలో నష్టం పెరుగుతుంది. ఇదంతా నేను వివరిస్తుంటే అమ్మ, “శివారు పొలం కష్టాలా? లాకుల దగ్గరవాడు తూము ఎత్తితే శివారుకి నీళ్ళెక్కడివి?” అంది. గోదావరి కాలవ కింద వ్యవసాయం చేసిన ఇంట్లో పుట్టిన మనిషికి ఓమ్ సూత్రం ఎవరూ నేర్పక్కర్లేదు. లాప్‌టాప్ తీసుకెళ్ళి వెనక రంధ్రం దగ్గర, అంటే తలకట్టు దగ్గర పెట్టుకున్నాను. ఆ తర్వాత అది ఆగలేదు.

మంగళవారం న్యూ మార్టన్ లాకులు దాటాం. గేటు మూసి, తూము ఎత్తి, నీళ్ళు నిండుతుంటే పడవతో పాటు పైకి లేస్తూ అమ్మ “ఇవి మన లాకులే కదరా!” అని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. మన లాకులే మరి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన కాటన్ దొర, పొలాలకి నీళ్ళూ పారాలి, పడవలూ నడవాలి అనే కదా ఆ కాలవలు తవ్వించింది. బుధవారం పాంట్‌కసుల్తె అక్విడక్ట్ మీదుగా వెళ్ళాం. 1805లో తెరిచిన ఇనప తొట్టి అది. డీ నదికి 38 మీటర్ల ఎత్తున, ఒక పక్క కటకటాలు కూడా లేకుండా, మూడు వందల మీటర్ల పొడుగున ఆకాశంలో కాలవ. అమ్మ కళ్ళు మూసుకుని గోవింద నామాలు చదువుతూనే వేళ్ళ సందుల్లోంచి చూసింది. చిన్నవాడు తెడ్డు పట్టుకుని సరంగులా నిలబడ్డాడు. వాడికి అప్పటికే నేను క్షమాపణ చెప్పాను. ఎల్స్‌మియర్‌లోనే, వాళ్ళక్క లెక్క ముగించగానే, అందరి ముందూ చెప్పాను. “నీది రెండు, నాది నలభై అయిదు” అన్నాను. వాడు ఆలోచించి, “అయితే నేను ఇంకో నలభై మూడు ఆడుకోవచ్చా?” అన్నాడు.

ఆ రాత్రి ట్రెవర్ దగ్గర పడవ కట్టాం. నా రెండో విడత పని. అప్పటికి పడవలో కొత్త పద్ధతి వచ్చేసింది. చార్జింగులన్నీ పగలు పడవ నడుస్తున్నప్పుడే, ఎందుకంటే అప్పుడు ఇంజను ఇస్తున్న కరెంటు అది, బిందెలోది కాదు. సాయంత్రం కట్టేసే సరికి లాప్‌టాప్ నిండి ఉండాలి. అది కూడా ఒక చిన్న చెంబే కదా, పగలు నింపుకుంటే రాత్రి తాగొచ్చు. తెర వెలుగు సగానికి తగ్గించాను, అక్కర్లేని ప్రోగ్రాములు మూసేశాను. ఇన్వర్టర్ స్విచ్ మీద మా ఆవిడ ఒక బొట్టుబిళ్ళ అంటించింది, ‘నన్నడిగి ముట్టుకో’ అన్నట్టు. పది నుంచి ఒంటిగంట దాకా లాప్‌టాప్ సొంత బ్యాటరీ మీద, ఆ తర్వాత గంటన్నర నేరుగా పన్నెండు వోల్టుల మీద పని చేశాను. పని పూర్తయ్యాక పడుకోకుండా ఫ్రిజ్ దగ్గర చెవి పెట్టి విన్నాను. సన్నగా మూలుగుతోంది. అంత హాయైన సంగీతం ఈ మధ్య వినలేదు. పొద్దున్న పలక 12.3. అమ్మ ఫ్రిజ్ తీస్తే లోపల దీపం వెలిగింది. ఆవిడ కాఫీ కలుపుకుని ఒక గ్లాసు నాకూ ఇచ్చింది. “మీ నాన్న ఉంటే ఈ పలక ముందే కూర్చునేవారురా, బయట ఏమీ చూడకుండా” అంది.

మీరూ ఎప్పుడైనా పడవ మీదికో, కారవాన్ మీదికో లాప్‌టాప్‌తో వెళ్తే ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోండి. ఇంటి దగ్గరే 12 వోల్టుల యూఎస్‌బీ-సి చార్జర్ కొనుక్కోండి. మీ లాప్‌టాప్ ఎన్ని వాట్లు అడుగుతుందో దాని అడాప్టర్ మీద ఉంటుంది, చార్జర్ మీద అన్ని వాట్లు ఉండేలా చూసుకోండి. ‘12 నుంచి 24 వోల్టులు’ అని రాసి ఉన్నదైతే ఇంజను తిరిగేటప్పుడు పద్నాలుగు దాటినా ఫర్వాలేదు. గోడలోని రంధ్రానికి ఎన్ని ఆంపియర్ల ఫ్యూజు ఉందో పడవ వాళ్ళని అడగండి. ప్లగ్గు చేతికి బాగా వేడిగా తగిలితే వెంటనే తీసెయ్యండి. కొత్త పడవల్లో లిథియం బ్యాటరీలు, కప్పు మీద సోలార్ పలకలు వస్తున్నాయి. లిథియంలో సగమనే హద్దు లేదు, చాలా కింది దాకా వాడుకోవచ్చు. బిందె పెద్దదవుతుంది, అంతే. బావి మాత్రం కాదు.

శనివారం పొద్దున్న పడవ అప్పగించేటప్పుడు ఆ పెద్దమనిషి లోపలికొచ్చి చూశాడు. పలక పక్కన పసుపుపచ్చ కాగితం ముక్క అంటించి ఉంది. దాని మీద గుండ్రటి, కాస్త వంకర అక్షరాల్లో ‘బ్యాటరీ బావి కాదు, బిందే’ అని ఉంది. మా అమ్మాయి రాసింది. వారాంతపు తెలుగు బడికి బతిమాలితే గానీ వెళ్ళని మా అమ్మాయి, ఎవరూ అడక్కుండా రాసిన మొదటి తెలుగు వాక్యం అది. బిందెకి దీర్ఘం పడింది. దిద్దుదామని చెయ్యి చాపాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“ఇదేం భాష? ఏం రాసి ఉంది?” అని అడిగాడాయన. మా అమ్మాయి ఇంగ్లీషులో చెప్పింది. వాళ్ళ తాతయ్య మాట అని కూడా చెప్పింది. ఆయన ఒక్క క్షణం ఆలోచించి గట్టిగా నవ్వాడు.

“నేను ప్రతి శనివారం అరగంట సేపు చెప్పేది ఇదే. దీన్ని ఇక్కడే ఉండనివ్వండి” అన్నాడు.